కాంట్రాక్టరు తీర్పుకు గడువుంది, కూలివాడి తీర్పుకు లేదు

బాగేపల్లి వైపు రోడ్డు వేసిన కాంట్రాక్టరుకూ, పని అప్పజెప్పిన ప్రభుత్వ సంస్థకూ బిల్లు దగ్గర పేచీ వచ్చిందనుకోండి. మధ్యవర్తి కాంట్రాక్టరు పక్షాన తీర్పిచ్చాడు. అది తప్పుడు తీర్పని సంస్థ కోర్టుకు పోవాలంటే 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం 34వ సెక్షను మూడు నెలలు ఇస్తుంది. తగిన కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు. ఆపైన ఒక్కరోజు దాటినా వినేవాళ్లు లేరు. ఈ సంగతి సుప్రీంకోర్టు 2001లోనే తేల్చిచెప్పింది. ఇప్పుడు అదే రోడ్డు పక్కన నీళ్ల పంపు నడిపే మనిషిని అదే సంస్థ పనిలోంచి తీసేసిందనుకోండి. లేబర్ కోర్టు అతన్ని తిరిగి తీసుకోమంది. అవార్డు అనే ఆ తీర్పు మీద సంస్థ హైకోర్టుకు ఎన్నాళ్లలో పోవాలి? దీనికి చట్టంలో అంకె లేదు. ఆర్నెల్లకు పోవచ్చు, మూడేళ్లకు పోవచ్చు. ఎందుకు ఆలస్యమైందో చెప్పే పేరా ఒకటి పిటిషన్‌లో ఉంటే చాలు. ఆ పేరా కూడా లేకుండా వచ్చిన పిటిషన్లు నేను చూశాను.

నేను చింతామణిలో వకీలు దగ్గర గుమాస్తాగా పనిచేసి మానుకున్నవాణ్ణి. లా చదవలేదు గాని లాయర్లు చదివే కట్టలన్నీ నా భుజం మీదుగానే పోయినాయి. లేబర్ కోర్టు, హైకోర్టు కాగితాలు సంచిలో పెట్టుకుని తెల్లారగట్ల బెంగళూరు బస్సెక్కడమే నా ఉద్యోగం. చింతామణి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి కర్ణాటకలో ఉన్నా చాలా ఇళ్లలో మాట తెలుగే. కైవారం తాతయ్య తత్త్వాలు తెలుగులో పాడుకుంటాం. ఆఫీసు కాగితం కన్నడంలో వస్తుంది, అవార్డు ఇంగ్లీషులో వస్తుంది. అందుకే పని మానుకున్న తర్వాత కూడా మనుషులు కాగితం చేతబట్టుకుని మా ఇంటికొస్తారు, ఇందులో ఏముందో చదివి చెప్పు సామీ అని.

లేబర్ కోర్టు దాకా వచ్చేవాళ్లే తక్కువ. శిడ్లఘట్టలో, చింతామణిలో పట్టు రీలింగు పని చేసేవాళ్లకు నియామక పత్రమే ఉండదు. రేపట్నుంచి రావొద్దంటే అంతే, ఇంకో యూనిట్ వెతుక్కోవాలి. కోర్టుకెక్కేది చాలామటుకు ప్రభుత్వ సంస్థల్లో, స్థానిక సంస్థల్లో, సహకార సంఘాల్లో పనిచేసినవాళ్లు. ఎందుకంటే వాళ్ల దగ్గర తీసేసిన ఆర్డరైనా ఉంటుంది.

అలాంటివాళ్లలో ఒక పంపు ఆపరేటర్ సంగతి చెబుతాను. ఆయన పేరు రాయను, సంస్థ పేరూ రాయను. మోటారు కాలిపోయింది, ఆ రాత్రి నువ్వు డ్యూటీలో లేవు అని తీసేశారు. లేబర్ కోర్టు కాగితాలన్నీ చూసి, శాఖ జరిపిన విచారణలో సాక్షుల్ని ప్రశ్నించే అవకాశమే ఇవ్వలేదంది. మళ్లీ పనిలోకి తీసుకోవాలి, సర్వీసు తెగనట్టు లెక్కకట్టాలి, వెనక జీతంలో సగం ఇవ్వాలి అని అవార్డు. ఆయన చేరిక పత్రం రాయించుకుని ఆఫీసుకు పోతే ఫైలు చూసే కేస్ వర్కర్ తీసుకోలేదు. "ఆర్డరు పైనుంచి రావాలప్పా" అన్నాడు. తర్వాత పోతే ఫైలు లాయరు ఒపీనియన్‌కు పోయిందన్నారు. ఆ తర్వాత ఫైలు బెంగళూరులో ఉందన్నారు. మరి కొన్నాళ్లకు ఆఫీసరుకు ట్రాన్స్‌ఫర్ అయింది, కొత్తాయన ఫైలు చూడాలన్నారు. ఇట్లా రెండేళ్లు దాటింది. ఒకరోజు మా అరుగు మీద కూర్చుని ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "నేను గెలిచినానా, ఓడిపోయినానా? అది చెప్పు సామీ" అన్నాడు.

అప్పటికే ఆయన చేత రికవరీ దరఖాస్తు వేయించి ఉన్నాం. కార్మిక శాఖ నోటీసు ఇచ్చింది, సంస్థ జవాబియ్యలేదు. డబ్బు వసూలుకు సర్టిఫికెట్ డిప్యూటీ కమిషనర్ (డి.సి.) ఆఫీసుకు పోయింది. అక్కణ్ణుంచి తహసీల్దారుకు దిగింది. బ్యాంకు ఖాతా జప్తు చేస్తామన్న కాగితం సంస్థ టపాలు సెక్షన్‌లో పడింది. అంతే. రెండేళ్లు కదలని ఫైలు రెండు మూడు వారాల్లో ఒపీనియన్ తెచ్చుకుంది, మంజూరు తెచ్చుకుంది, వకాలతు మీద సంతకం పడింది, హైకోర్టులో నంబరు వచ్చింది, స్టే వచ్చింది.

ఈ వరస ఒక్కసారి చూసింది కాదు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: చాలా కేసుల్లో ఆ ఆలస్యం చేతగానితనం వల్ల వచ్చింది కాదు, ఎదురుచూపు వల్ల వచ్చింది. కార్మికుడు అలసిపోతాడేమో చూద్దాం, అంతో ఇంతో ఇస్తే రాజీకి వస్తాడేమో చూద్దాం, రిటైర్మెంటు వయసు వస్తే చేర్చుకునే బాధే ఉండదు కదా అన్న లెక్క. అలసిపోకుండా రికవరీ దాకా వచ్చినవాడి మీద మాత్రమే హైకోర్టుకు పోతారు. రెండు మూడు వారాల్లో చేయగలిగిన పనికి రెండేళ్లు ఎందుకు పట్టిందని అడిగితే, జవాబు ఆ వారాలే చెబుతున్నాయి.

పిటిషన్‌లో మాత్రం వేరే కథ ఉంటుంది. మా వకీలు కొన్నిసార్లు సంస్థల తరఫునా వాదించేవారు కాబట్టి ఆలస్యం పేరా నాకు నోటికొచ్చు. తేదీలు మారుస్తాం, మిగతాది మారదు. అవార్డు ప్రతి అందిన తర్వాత పరిశీలన నిమిత్తం యూనిట్‌కు పంపబడినది, యూనిట్ నుంచి లా సెక్షన్‌కు, అక్కడ నుంచి ప్యానెల్ న్యాయవాదికి, అభిప్రాయం వచ్చిన పిమ్మట కేంద్ర కార్యాలయానికి, ఆమోదం పొందిన పిమ్మట తిరిగి యూనిట్‌కు. ఈ పరిపాలనా కారణాల చేత జరిగిన ఆలస్యం ఉద్దేశపూర్వకం కాదు, మన్నించగలరు. ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఉందో ఇందులో ఉండదు. ఏ ఆఫీసరు దాన్ని పెండింగు పెట్టాడో ఉండదు. ఫైలు తనంతట తాను నడిచిపోయినట్టు రాస్తారు.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. గడువు ఎందుకు లేదంటే, ఒకప్పుడు ఆలస్యం తగ్గిద్దామనుకున్నందుకు. పారిశ్రామిక వివాదాల చట్టం 1947 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. 1950లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ అని ఒకటి పెట్టారు. అవార్డు నచ్చనివాళ్లు అక్కడికి అప్పీలు పోవచ్చు. కేసులు పేరుకుపోతున్నాయి, కార్మికులు ఏళ్ల తరబడి తిరుగుతున్నారని గోల లేచింది. మన వి.వి.గిరి కేంద్ర కార్మిక మంత్రి పదవికి 1954లో రాజీనామా చేసింది ఈ ట్రిబ్యునల్ ఇచ్చిన బ్యాంకు ఉద్యోగుల తీర్పు దగ్గరే. ఉద్యోగులకు వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేస్తుంటే కుర్చీలో కూర్చోలేనన్నాడు. ఆయనే తర్వాత 1965 నుంచి 1967 దాకా మైసూరు రాష్ట్రానికి గవర్నరుగా బెంగళూరులో ఉన్నాడు. చేతికొచ్చిన తీర్పు అమలు కాకపోతే కార్మికుడికి ఎట్లా ఉంటుందో తెలిసిన మనిషి.

1956లో పార్లమెంటు పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించి ఆ అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను ఎత్తేసింది. లేబర్ కోర్టులు పెట్టింది ఆ సవరణే. ఇరుపక్షాలూ ఒప్పుకుని మధ్యవర్తికి వివాదం అప్పజెప్పే 10-ఎ సెక్షను తెచ్చిందీ ఆ సవరణే. అట్లా వచ్చిన మధ్యవర్తి తీర్పుకు మామూలు మధ్యవర్తిత్వ చట్టం వర్తించదని అందులోనే రాసింది. అవార్డు అంతిమం, దాన్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదన్న 17వ సెక్షను ఎట్లాగూ ఉంది. ఉద్దేశం మంచిదే. అప్పీలు లేదు, గొడవ లేదు, 30 రోజుల్లో అవార్డు అమల్లోకి రావాలి. కాని రాజ్యాంగం 226, 227 అధికరణాల కింద హైకోర్టుకున్న అధికారాన్ని ఏ మామూలు చట్టమూ మూసేయలేదు. అప్పీలు ఉంటే అప్పీలుకు గడువుంటుంది. అప్పీలు లేదు కాబట్టి గడువూ లేదు. మిగిలింది రిట్. దానికి రాసిపెట్టిన తేదీ లేదు. మరీ ఆలస్యంగా వచ్చావని హైకోర్టు తన విచక్షణతో కొట్టేయవచ్చు, కొట్టేసిన కేసులూ ఉన్నాయి. కాని విచక్షణ జడ్జిని బట్టి మారుతుంది. కాంట్రాక్టరు 34వ సెక్షను చూపించి నిద్రపోవచ్చు. పంపు ఆపరేటర్ ఏ సెక్షను చూపించాలి?

కార్మిక చట్టాలన్నీ ఇట్లానే ఉన్నాయా అంటే లేవు. పనిలో కాలో చెయ్యో పోతే ఇచ్చే నష్టపరిహారం చట్టం 1923 నాటిది, తెల్లదొరల కాలం. దాని 30వ సెక్షను హైకోర్టుకు అప్పీలు 60 రోజుల్లో వేయాలంది, యజమాని పరిహారం మొత్తం ముందుగా డిపాజిట్ చేసి రసీదు జతచేయాలంది. 1972 నాటి గ్రాట్యుయిటీ చట్టంలో 60 రోజులు, కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. యజమాని అప్పీలు వేస్తే అక్కడా డబ్బు కట్టాలన్నారు. 2006 నాటి చట్టం కింద చిన్న పరిశ్రమవాడికి బాకీ తీర్పు వస్తే, దాన్ని సవాలు చేసేవాడు నూటికి 75 వంతులు ముందు కట్టాలి. వేలు తెగినవాడికి, సరుకు అమ్మినవాడికి ఇంత రక్షణ ఉంది. పని పోయినవాడికే లేదు.

అవార్డు వచ్చాక కేసు తేలేదాకా మనిషి ఎట్లా బతకాలన్న ఆలోచన చట్టానికి రాలేదని కాదు. పారిశ్రామిక వివాదాల చట్టంలో 17-బి సెక్షను 1984లో అమల్లోకి వచ్చింది. తిరిగి తీసుకోమన్న అవార్డు మీద యజమాని హైకోర్టుకో సుప్రీంకోర్టుకో పోతే, ఆ కేసు నడిచినంత కాలం కార్మికుడికి చివరిగా తీసుకున్న జీతం నెలనెలా ఇవ్వాలని అది చెప్పింది. చివరిగా తీసుకున్న జీతం అంటే తీసేసిన నాటి జీతమే, నేటి రేటు కాదు. ఎప్పుడో ఇచ్చిన ఆ జీతంతో ఇప్పుడు నెలకు సరిపడా బియ్యం, పప్పు వస్తే గొప్ప. సరే, అదైనా రానీ అనుకుంటే, సెక్షనులో ఉన్న మాట కేసు నడిచే కాలం అని. అవార్డు వచ్చి, యజమాని ఇంకా కోర్టుకు పోకుండా కూర్చున్న కాలం సంగతేమిటి? ఆ రెండేళ్లు ఎవరి లెక్కలోనూ పడవు. అంటే చట్టం తెలిసిన యజమానికి ఆలస్యంగా పోవడమే లాభం. త్వరగా పోతే 17-బి మీటరు త్వరగా తిరుగుతుంది.

పైగా 17-బి కింద జీతం కావాలంటే, నేను మరెక్కడా పనిచేయడం లేదని కార్మికుడు అఫిడవిట్ ఇవ్వాలి. రెండేళ్లు పని లేకుండా కూర్చుంటే ఎవరు పెడతారు? మన ఆపరేటర్ చింతామణి మార్కెట్లో టమాటా బాక్సులు ఎత్తేవాడు. ఆ సంగతి ఎవరో సంస్థకు చేరవేశారు. ఈయనకు వేరే ఉపాధి ఉందని కౌంటర్ వేశారు. ఆలస్యం చేసింది వాళ్లు, ఆ ఆలస్యంలో ఆకలికి కూలి చేసింది ఈయన. సంజాయిషీ ఇవ్వాల్సింది మాత్రం ఈయనే.

కార్మికుడి చేతికి మాత్రం అన్ని వైపులా గడియారాలు కట్టారు. కర్ణాటకలో తీసేసిన ఆర్డరు మీద నేరుగా లేబర్ కోర్టుకు పోవడానికి 1988లో వచ్చిన సవరణ ఆరు నెలలే ఇచ్చింది. అవార్డు డబ్బు వసూలుకు 1947 చట్టం 33-సి సెక్షను ఏడాదిలోపు అర్జీ పెట్టుకోవాలంది. దాటితే కారణం చెప్పుకోవాలి. సంస్థ హైకోర్టుకు పోతుందేమోనని ముందే కేవియట్ వేసుకుంటే అది 90 రోజులు నిలుస్తుంది. 91వ రోజు సంస్థ వచ్చి ఏకపక్షంగా స్టే అడిగితే ఈయనకు కబురే ఉండదు. అందుకని కేవియట్ మళ్లీ మళ్లీ వేయాలి, ప్రతిసారీ ఖర్చు.

కార్మికుడు ఆలస్యం చేస్తే కోర్టులు ఏమన్నాయో చెప్పడానికి మా రాష్ట్రపు కేసే ఉంది. కర్ణాటక పట్టుపరిశ్రమ శాఖలో పనిచేసిన ఒకాయన్ని 1985లో తీసేశారు. ఆయన 14 ఏళ్ల తర్వాత వివాదం లేవదీశాడు. ఇన్నేళ్లు ఊరుకుంటే వివాదం చచ్చిపోయినట్టేనని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. నాకు ఆ తీర్పు మీద పేచీ లేదు. మన తెలుగుగంగ ప్రాజెక్టుకు భూమి పోయిన రైతు వారసులు 5659 రోజులు ఆలస్యంగా అప్పీలుకు వస్తే 2024 ఏప్రిల్‌లో అదే కోర్టు ఒప్పుకోలేదు. అదీ సరే. పేదవాడైనా సరే గడువు గడువే అంటే తలొంచుతాం. అదే మాట ఆఫీసుకూ చెప్పాలి కదా.

న్యాయంగా చెప్పాలంటే సుప్రీంకోర్టు చెబుతోంది కూడా. 2012లో తపాలా శాఖ 427 రోజులు ఆలస్యంగా వచ్చి, ఫైలు కదలడానికి టైము పట్టిందంటే, ఆ పాత పాట ఇక చెల్లదంది. కంప్యూటర్లు, ఫోన్లు వచ్చిన కాలంలో ప్రభుత్వ శాఖకు వేరే గడియారం ఉండదంది. 2020 అక్టోబరులో మధ్యప్రదేశ్ ప్రభుత్వం 663 రోజులు ఆలస్యంగా వస్తే 25,000 రూపాయలు ఖర్చులు వేసి, దాన్ని బాధ్యులైన ఆఫీసర్ల దగ్గర వసూలు చేయమంది. 2025 సెప్టెంబరులో మా కర్ణాటక గృహ మండలి కేసు వచ్చింది. మండలి 3966 రోజులు ఆలస్యంగా వేసిన అప్పీలును మా హైకోర్టు మన్నించింది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అంటే పదేళ్లు దాటిన ఆలస్యం కూడా కింద కోర్టులో నిన్నమొన్నటి దాకా గట్టెక్కింది.

ఎట్లా గట్టెక్కుతుందంటే, వకీళ్ల చేతిలో ఇంకో తీర్పు ఉంది. 1987లో కాశ్మీరు భూసేకరణ కేసులో సుప్రీంకోర్టు ఆలస్యాన్ని ఉదారంగా చూడాలి, ప్రతి రోజుకూ కారణం చెప్పమని పిడివాదం చేయకూడదు అంది. ఆలస్యం మన్నించమని వచ్చే ప్రతి పిటిషన్‌లోనూ ఇది ఉంటుంది. ఆ కేసులో ఆలస్యం ఎంతో తెలుసా? నాలుగు రోజులు. నాలుగు రోజులకు చెప్పిన మాటను నాలుగేళ్లకు అతికిస్తున్నారు.

సంస్థల వైపు మాట కూడా వినాలి. లేబర్ కోర్టు చెప్పిందల్లా ఒప్పని ఎవరూ అనరు. కర్ణాటక రోడ్డు రవాణా సంస్థ కేసొకటి రెండు దశాబ్దాల కిందట సుప్రీంకోర్టుకు పోయింది. కండక్టర్ దగ్గర లెక్కకు మించి 93 రూపాయలు దొరికాయి. తిరిగి తీసుకోమన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మొత్తం చిన్నదా పెద్దదా అన్నది కాదు, నమ్మకం పోయింది కదా అంది. కాబట్టి సవాలు చేసే హక్కు సంస్థకు ఉండాల్సిందే. ప్రజల సొమ్ము కాబట్టి ఒక్క ఆఫీసరు సంతకంతో వదిలేయలేమన్నదీ నిజమే. అవార్డు ప్రతి చేతికి రావడమే ఆలస్యమైన కేసులూ ఉన్నాయి. సవాలుకు నష్టపరిహారం చట్టంలోలాగా అరవై రోజులు చాలవంటే తొంభై అడగండి. తొంభై కూడా చాలదంటే ఆ ఆఫీసులో ఉన్న రోగం వేరే, దానికి మందు కార్మికుడి జీతంలోంచి తీయకూడదు.

మా జిల్లాకు ఇందులో ఒక సంబంధం ఉంది. 2010 జూన్‌లో కేంద్రం జాతీయ వ్యాజ్య విధానం ప్రకటించింది. ప్రభుత్వం బాధ్యత గల కక్షిదారుగా నడుచుకోవాలి, గడువు మీరి అప్పీళ్లు వేసే అలవాటు పోవాలి, ఒక వ్యక్తి బాధకు మాత్రమే సంబంధించి పెద్ద పర్యవసానం లేని సర్వీసు కేసుల్లో అప్పీలుకు పోకూడదు అని అందులో రాశారు. దాన్ని తెచ్చిన న్యాయశాఖ మంత్రి ఎం.వీరప్ప మొయిలీ అప్పట్లో చిక్కబళ్లాపురం ఎంపీ. విధానం ఢిల్లీలో పుట్టింది, దాన్ని పుట్టించిన మనిషి మా జిల్లా ఓట్లతో గెలిచాడు. అయినా చిక్కబళ్లాపురం జిల్లా ఆఫీసుల్లో దాని మాట ఎత్తినవాళ్లను నేను చూడలేదు. కేంద్ర విధానం రాష్ట్ర సంస్థలను కట్టిపడేయదంటారు. మరి రాష్ట్రం తనంతట తాను కట్టుకోవచ్చు కదా?

ఇప్పుడు కొత్త అవకాశం వచ్చింది, సగం జారిపోయింది కూడా. 2020లో చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 1947 చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. లేబర్ కోర్టుల స్థానంలో ఇద్దరు సభ్యుల పారిశ్రామిక ట్రిబ్యునళ్లు వస్తాయి. తీసివేత మీద వివాదం లేవదీయడానికి కేంద్ర చట్టంలో మూడేళ్లున్న గడువు రెండేళ్లకు తగ్గింది. కార్మికుడి గడియారాన్ని ముందుకు జరిపారు. అవార్డును సవాలు చేసే యజమాని గడియారం ఊసు మాత్రం ఇందులోనూ లేదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. 1923 చట్టంలో ఉన్నదే ఇక్కడికి తెండి. ట్రిబ్యునల్ అవార్డు మీద హైకోర్టుకే నేరుగా అప్పీలు ఇవ్వండి, 60 రోజుల గడువు పెట్టండి, కారణం చూపితే ఇంకో 30 రోజులు, అంతకు మించి లేదని రాయండి. అప్పీలు వేసేవాడు అవార్డు తేదీ నుంచి జీతం డిపాజిట్ చేయాలనండి. అప్పీలుకు దారి ఉన్నప్పుడు దాన్ని తప్పించుకుని రిట్ వేస్తే హైకోర్టులు మామూలుగా వినవు, కాబట్టి రాజ్యాంగాన్ని ముట్టుకోకుండానే దొడ్డిదారి మూసుకుంటుంది. మెట్లు పెరుగుతాయన్న భయం అక్కర్లేదు. ఇప్పుడు పోతున్నదీ ఆ హైకోర్టుకే. చట్టం మారేదాకా హైకోర్టు ఒక పని చేయవచ్చు. 90 రోజులు దాటి వచ్చిన రిట్‌కు తేదీల పట్టిక జతచేయాలని అడగవచ్చు: ఫైలు ఏ రోజు ఏ హోదా ఆఫీసరు చేతికి వచ్చింది, ఏ రోజు పోయింది. పట్టిక లేకుంటే స్టే లేదు. ఖర్చులు పడితే సంస్థ ఖజానాలోంచి కాకుండా ఫైలు ఆపిన చేతి నుంచి రావాలి, 2020లో సుప్రీంకోర్టు చెప్పినట్టే. రాష్ట్ర ప్రభుత్వం ఇంకా సులువుగా ఒక సర్క్యులర్‌తో చేయగల పని ఉంది: అవార్డు ఇన్‌వార్డులో పడిన 60 రోజుల్లో సవాలు చేయాలో లేదో తేల్చాలి, తేల్చకపోతే 61వ రోజు మనిషిని పనిలో చేర్చుకోవాలి.

ఇదంతా అయ్యేదాకా, చేతిలో అవార్డు ఉన్నవాళ్లకు ఒక మాట. ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఎదురుచూడొద్దు. అవార్డు ప్రకటించిన 30 రోజులు నిండగానే చేరిక పత్రం రిజిస్టరు పోస్టులో పంపండి, చేతికిస్తే కేస్ వర్కర్ తీసుకోకపోవచ్చు. రసీదు దాచుకోండి. వెనక జీతం వసూలుకు ఏడాది నిండకముందే అర్జీ పెట్టండి. 2010 సవరణ తర్వాత అవార్డును సివిల్ కోర్టు డిక్రీలాగా అమలు చేయించుకునే దారి పాత చట్టంలోనే ఉంది, మీ వకీలును దాని గురించి అడగండి. కేవియట్ వేస్తే దాని 90 రోజుల తేదీ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. సంస్థ ఆలస్యంగా హైకోర్టుకు వస్తే, మొదటి వాయిదాలోనే 17-బి అర్జీ వేయండి, ఆలస్యం పేరాకు విడిగా అభ్యంతరం రాయించండి; ఊరుకుంటే ఆ పేరాను ఎవరూ చదవరు. కూలికి పోయి ఉంటే ఆ సంగతి దాచకుండా అఫిడవిట్‌లో రాయించండి, ఎన్ని రోజులు, ఎంత కూలి అని. అవతలివాళ్లు బయటపెట్టేదాకా ఆగితే నష్టపోయేది మీరే.